ఫోన్‌లో ఫార్మసిస్టు, ఇంట్లో మందుల సంచి

ఈరోజు నేను మందుల షాపు కౌంటర్ వెనక నుంచి మాట్లాడుతున్నాను. పల్లెటూరి ఆసుపత్రికి ఎదురుగా నాకు చిన్న మెడికల్ షాపు ఉంది.

చిన్న ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టు ఉండడం అరుదు. పట్నంలో ఉన్న ఫార్మసిస్టు కంప్యూటర్‌లో కేస్‌షీటు చూసి, డోసు సరిపోయిందా, ఒక మందు ఇంకోదానితో పడుతుందా, కిడ్నీ రిపోర్టుకి తగ్గట్టు ఉందా అని చెప్పే పద్ధతి గురించే ఈ మాటలు. మా షాపుల వాళ్లకి ‘టెలి’ అనగానే ఆన్‌లైన్ మందుల అమ్మకం గుర్తొచ్చి గుండె గుభేలుమంటుంది. నాకూ అంతే అయింది. కానీ ఇది అమ్మకం కాదండీ, చూపు.

అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రం 2001లో తెచ్చిన నిబంధనలు వేరే సంగతి. అక్కడ పల్లె ఫార్మసీలో ఫార్మసిస్టు లేకపోయినా, టెక్నీషియన్ చేసే పనిని దూరం నుంచి వీడియోలో ఫార్మసిస్టు చూడొచ్చు. మన దగ్గర ఫార్మసీ చట్టం, 1948 ప్రకారం రిజిస్టర్డ్ ఫార్మసిస్టే మందు ఇవ్వాలి. గోడ మీద సర్టిఫికెట్ వేలాడుతూ మనిషి మాత్రం కనపడని షాపులు లేవని నేను అనను. అలాంటి షాపుకి పట్నం నుంచి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. ఒక పెద్దాయన ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యి చీటీ తెచ్చాడు. షుగర్‌కి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల. ఇచ్చేశాను. అదే మందు వేరే కంపెనీ పేరుతో ఆయన ఇంట్లో అప్పటికే ఉంది. రెండూ వేసుకున్నాడు. తెల్లారేసరికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు, మాట తడబాటు. కొడుకు పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి పరుగెత్తాడు. బతికాడు. ఆ పాత బిళ్లలు అమ్మింది కూడా నేనే!

మరి దూరాన ఉన్న ఫార్మసిస్టు ఉంటే పట్టుకునేదా? కేస్‌షీటులో ‘షుగర్‌కి బిళ్ల వాడుతున్నాడు’ అని మాత్రమే ఉంటే ఆ అమ్మాయికి మాత్రం ఏం తెలుస్తుంది? ఆయన నెలనెలా ఏం కొంటాడో నాకు తెలుసు, ఆసుపత్రిలో ఏం మార్చారో ఆమెకి తెలుసు. అందుకే డిశ్చార్జికి ముందు ఒక్క ఫోన్ చేయమంటాను. కొత్తగా ఏం రాశారో చీటీలో ఉంటుంది, ఏది ఆపారో ఉండదు. నాకు కావాల్సింది ఆ రెండోది.

ఇబ్బందులూ ఉన్నాయి. సాయంత్రం కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటే పావుగంట ఫోన్ మాట్లాడలేను. సలహాకి నాకెవరూ డబ్బు ఇవ్వరు, స్ట్రిప్పు అమ్మితేనే లాభం. ఆమె రెండు మందులు ఆపమంటే నా అమ్మకం తగ్గుతుంది. ఈ మాట పైకి అనం గానీ, చాలామంది మనసులో ఉన్నది ఇదే. ఆ పావుగంటకి కొంత రుసుము పెడితే సగం అడ్డు తొలగుతుందని నా అభిప్రాయం.

మన దేశంలో ఫార్మ్-డి కోర్సు 2008లో మొదలైంది, ఆరేళ్ల చదువు. అంత చదివిన పిల్లల్ని ఇలా వాడుకోకపోతే ఎలా? మా వాళ్లు కొందరు ‘నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు మాకు చెప్పేదేంటి’ అంటారు. చెప్పించుకోవాలి మరి. ఆరోజు నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆ పెద్దాయన ఇప్పుడు మందుల సంచితోనే వస్తాడు. మొన్న కౌంటర్ మీద కుమ్మరిస్తే, ఆపేసిన బీపీ బిళ్లలు ఇంకా రెండు స్ట్రిప్పులు ఉన్నాయి.