మగ్దలేనే మరియ కన్నీరు

వీలైతే మీ బైబిలులో యోహాను సువార్త 20వ అధ్యాయము తెరచి ఉంచుకొనండి. 11వ వచనము దగ్గర వేలు పెట్టుకోండి. నేను అక్కడికి రావడానికి కొంచెం సమయం పడుతుంది, ఓపిక పట్టండి.

మా సంఘములోని ఒక యౌవనస్థుడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. సెలవులకు వచ్చి, “అయ్యగారూ, నోస్టాల్జియా అనే మాటకు తెలుగులో ఏమనాలి?” అని అడిగాడు. “బెంగ అను నాయనా” అన్నాను. వాడు నవ్వాడు. బెంగ మరీ పల్లెటూరి మాటలాగా అనిపించిందేమో. కాని ఇంగ్లీషు మాట పుట్టుక చూస్తే అదీ బెంగే.

1688లో స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణములో జొహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన పరిశోధన పత్రములో ఈ మాటను తయారు చేశాడు. గ్రీకులో నోస్టోస్ అంటే ఇంటికి తిరిగి రావడం. ఆల్గోస్ అంటే నొప్పి. ఆ రోజుల్లో అది కవిత్వపు మాట కాదు, జబ్బు పేరు. బెర్న్ నుండి బాసెల్‌కు చదువుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాని సంగతి హోఫర్ వ్రాశాడు. ఆ కుర్రవాడు దిగులుతో మంచం పట్టి చావుకు దగ్గరయ్యాడు. ఇంటికి తీసుకుపోతున్నామని బండి ఎక్కించగా, ఊరు చేరకముందే దారిలోనే తేరుకున్నాడట. పరాయి రాజుల కొలువులో ఉన్న స్విస్ సిపాయిలకూ ఈ జబ్బు వచ్చేదని చెప్పుకున్నారు. అమెరికా అంతర్యుద్ధములో (1861–65) సైనిక వైద్యులు దీనిని రోగముగానే వేల సంఖ్యలో నమోదు చేశారు.

మన తల్లులకు ఇది కొత్తా? హాస్టలులో చేర్చిన పిల్లవాడికి జ్వరము వస్తే, “బెంగ పెట్టుకున్నాడు, ఒకసారి తీసుకురండి” అంటారు. మందు కూడా వారికి తెలుసు.

ఇక సెంటిమెంటల్ అనే మాట. పద్దెనిమిదవ శతాబ్దములో ఇంగ్లండులో అది కొత్త ఫ్యాషను. 1768లో లారెన్స్ స్టెర్న్ తన యాత్రా గ్రంథము పేరులోనే దానిని పెట్టాడు. మెథడిస్టు ఉద్యమ నాయకుడైన జాన్ వెస్లీ 1772లో ఆ పుస్తకము చూచి, ఇదేమి మాట, దీనికి అర్థమే లేదని తన దినచర్యలో విసుక్కున్నాడు. పాపం, వెస్లీ విసుక్కున్నా ఆ మాట పోలేదు. మన దాకా వచ్చి సెంటిమెంట్ అయింది. సినిమాలో తల్లి ఏడిస్తే సెంటిమెంట్. ఫలానా అంకె కలిసివస్తుందంటే అదీ సెంటిమెంటే. విశ్వాసుల ఇళ్లలో కూడా పెండ్లి తారీఖు దగ్గర ఈ మాట వినబడుతుంది. అది వేరే ప్రసంగము, ఈ పూట వదిలిపెడతాను.

నేను చెప్పవలసినది ఈ మాటతో నేను చేసిన తప్పు. కొన్నేళ్ల క్రితము నేను సేవ చేస్తున్న సంఘములో మిషనరీల నాటి పాత ఆలయమును పడగొట్టి కొత్తది కట్టడానికి పునాది వేస్తున్నాము. పాటలు, చప్పట్లు, మంచి సందడి. ముందు వరుసలో ఒక మామ్మగారు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. మైకు నా చేతిలో ఉంది. “మామ్మగారూ, ఇదంతా సెంటిమెంట్. దేవుడు గోడలలో లేడు. సంతోషించవలసిన దినమున ఏడవకూడదు” అన్నాను. అందరూ విన్నారు, కొందరు నవ్వారు కూడా. తరువాత నాలుగు ఆదివారములు ఆమె ఆరాధనకు రాలేదు.

ఆ నెలలోనే ఎజ్రా గ్రంథము 3వ అధ్యాయము ధ్యానిస్తూ చివరి రెండు వచనముల దగ్గర ఆగిపోయాను. సెమినరీలో పరీక్షకు చదివిన భాగమే. మొదటి మందిరమును చూచిన ముసలివారు రెండవ మందిరపు పునాదిని చూచి గట్టిగా ఏడ్చారు. అనేకులు సంతోషముతో కేకలు వేశారు. ఏది ఏడ్పో ఏది సంతోషమో జనులు తెలుసుకోలేకపోయారు. యెరూషలేము కాలిపోయి అప్పటికి సుమారు యాభై ఏండ్లు. ఆ ముసలివారిని ఎవరూ నోరు మూసుకొమ్మనలేదు. తరువాత హగ్గయి ప్రవక్త ద్వారా దేవుడే, ఈ మందిరపు పూర్వ మహిమను చూచినవారు మీలో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు (హగ్గయి 2:3). వారి జ్ఞాపకమును ఆయన లెక్కలోనికి తీసుకున్నాడు.

అన్ని జ్ఞాపకములూ ఇలాంటివి కావు. సంఖ్యాకాండము 11లో ఇశ్రాయేలీయులు కూడా ఏడ్చారు. చేపలు, దోసకాయలు, ఉల్లి, వెల్లుల్లి అని వరుసగా చెప్పుకున్నారు, పైగా అవి ఉచితముగా దొరికాయట! ఇటుకల లెక్క మరచిపోయారు. నైలు నదిలో పారవేయబడిన పసిబిడ్డలను మరచిపోయారు. కూరల పేర్లు మాత్రము గుర్తున్నాయి. ఎజ్రా నాటి వృద్ధులు జరిగిన దానిని జ్ఞాపకము చేసుకున్నారు. వీరు జరగని దానిని కల్పించుకున్నారు. “ఆ రోజుల్లో సంఘములో అందరూ ప్రేమగా ఉండేవారు” అని మనము అనేటప్పుడు ఏ గుంపులో ఉన్నామో చూచుకోవాలి. ఆ రోజుల మినిట్సు పుస్తకములు నేను చదివాను!

ఇప్పుడు యోహాను 20. ఇంగ్లీషులో మాడ్లిన్ అని ఇంకొక మాట ఉంది. త్రాగి ఊరకే ఏడ్చేవాడిని, అర్థము లేని కన్నీళ్లను అలా వెక్కిరిస్తారు. అది ఎవరి పేరో తెలుసా? మగ్దలేనే మరియ పేరే. ఆక్స్‌ఫర్డులో ఆమె పేరు పెట్టిన కాలేజీని ఇప్పటికీ మాడ్లిన్ అనే పలుకుతారు. చిత్రకారులు ఆమెను ఏడుస్తున్నట్టే చిత్రించడము వలన ఆ పేరు అలా దిగజారింది. అంతకు ముందే, 591లో పోపు గ్రెగొరీ ఒక ప్రసంగములో లూకా 7లోని పేరు లేని పాపాత్మురాలిని, ఈమెను ఒక్కరినే చేశాడు. లేఖనము అలా చెప్పలేదు. ఏడు దయ్యములు వదలిన స్త్రీ అనియు, తన ఆస్తితో ప్రభువుకు ఉపచారము చేసినదనియు లూకా 8 చెబుతుంది. మగ శిష్యులు అనేకులు పారిపోయినప్పుడు ఆమె సిలువ దగ్గర నిలిచి ఉంది. అటువంటి స్త్రీ పేరు తాగుబోతు ఏడ్పుకు పెట్టారు.

ఆమె సమాధి దగ్గర ఏడుస్తుంటే దూతలు కారణము అడిగారు. ప్రభువు కూడా అదే అడిగాడు. ఏడవవద్దని ముందుగా అనలేదు. ఆమె చెప్పుకునేదాకా విన్నాడు, తోటమాలి అనుకున్నా కోపపడలేదు. తరువాత పేరు పెట్టి పిలిచాడు. ఆమె పాత పిలుపుతోనే, బోధకుడా అని పలికింది. గలిలయ దినములు తిరిగి వచ్చాయనుకుందేమో. ఆయన తన్ను పట్టుకొని ఉండవద్దని చెప్పి, సహోదరుల యొద్దకు కబురుతో పంపాడు. ఆమె వెళ్లింది. పునరుత్థాన వార్తను శిష్యులకు మొదట చేరవేసిన నోరు ఆ ఏడ్చిన నోరే.

ఐదవ ఆదివారమునకు ముందు శనివారము నేను మామ్మగారి ఇంటికి వెళ్లాను. క్షమించమన్నాను. ఆమె కాఫీ ఇచ్చి, “నా పెండ్లి అక్కడే బాబూ. నలుగురు పిల్లల బాప్తిస్మము అక్కడే. మీ తాతగారి పెట్టె దింపింది ఆ బండల మీదే. ఆ బండ ఏదో నాకు తెలుసు” అన్నారు. నేను ఎందుకు ఏడుస్తున్నారని ఆ రోజు అడగనే లేదు. చాలాసేపటికి, “పాత బల్లలు ఏమి చేశారు?” అని అడిగారు. షెడ్డులో ఉన్నాయి. ఒకటి బాగు చేయించి కొత్త ఆలయములో తలుపు దగ్గర వేశాము. ఆమె బ్రదికి ఉన్నంత కాలము దాని మీదే కూర్చున్నారు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, ఎడారి దేశములలో కూలికి వెళ్లి ఇంటి మీద బెంగతో ఉన్న మా బిడ్డలను, పిల్లలు ఫోను చేస్తారని ఎదురుచూసే తల్లిదండ్రులను నీవెరుగుదువు. వారిని పేరు పెట్టి పిలువుము. ఏడ్చేవారి దగ్గర కూర్చునే ఓపిక మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.