భవన యంత్రశిల్పము – మన బిడ్డలు



జీవితమంతయు బాలురకు సంస్కృతాంధ్రములు బోధించిన మాకు యంత్రశాస్త్రముతో నేమి పని యని మీరు శంకింపవచ్చును. కారణము విన్నవించెదము. ఇటీవల గంభీరావుపేటలో మన వాడకట్టు తండ్రి యొకడు మాయొద్దకు వచ్చి, తన కుమారుడు ఇంజనీరింగు చదివియు హైదరాబాదున మేడలకు గాలిగొట్టములు గీయుచు కాలము పుచ్చుచున్నాడనియు, పిల్లనిచ్చువారు కంప్యూటరు ఉద్యోగము కాదా యని పెదవి విరుచుచున్నారనియు వాపోయెను. ఆ బాలుడు మా శిష్యుడే. నేడు సీనియరు డిజైను ఇంజనీరు. వానిని పిలిపించి యడిగి తెలిసికొన్నదియే నేటి మా ప్రసంగము.

భవనమునకు పంచభూతములును కావలెను. పునాదులను స్తంభములను లెక్కించువారు పృథివిని, గదుల నేర్పరచు శిల్పి ఆకాశమును చూచుకొందురు. జలము, తేజస్సు, వాయువు అను మూడును వీని వంతు. నర్మాల కడ మానేటి నీరు వాలునబడి పొలములకు పారును. పదియంతస్తుల మేడకు నీరు ఎదురెక్కవలెను. మురుగు దిగవలెను. అగ్ని పుట్టినచో నీటిజల్లు కురియవలెను, పొగ మెట్లదారి చేరకుండవలెను. జాతీయ భవన నియమావళి (2016) నాల్గవ భాగము అగ్నిరక్షణమునకు, ఎనిమిదవ భాగము భవనసేవలకు కేటాయింపబడినది.

ఈ సభనే నిదర్శనముగా గొనుడు. ఊరక కూర్చున్న మనుష్యుడు సుమారు 100 వాట్ల వేడిమి వెలువరించును. 350 మంది కూడినచో 35 కిలోవాట్లు. శీతలయంత్రమునకు టన్ను అనగా సుమారు 907 కిలోల మంచు 24 గంటలలో కరగుటకు గొను వేడిమి, అది 3.5 కిలోవాట్లు. కావున మన యొడలి వేడికే పది టన్నులు కావలెను. కప్పు మీది యెండ, దీపములు, బయటిగాలి వేరులెక్క. యంత్రము చిన్నదైన జనము ఉడుకుదురు; మితిమీరిన ధనము వ్యర్థమగును, తేమయు సరిగా తొలగదు. పిన్నలు వేసిన ఈ లెక్కలను సరిచూచి, గొట్టము దూలమునకు తగులుచోటును కాగితముపైననే పట్టుకొని, తప్పొప్పులకు తానే పూచీపడుట సీనియరు ధర్మము.

ఇక మన కులమునకు ముఖ్యమైన మాట. 1902లో విల్లిస్ క్యారియర్ బ్రూక్లినునందలి ముద్రణశాలలో కాగితము తేమకు సాగకుండ ఈ యంత్రమును కల్పించెను. 1906లో స్టూవర్ట్ క్రేమర్ దానికి ‘ఎయిర్ కండిషనింగ్’ అను పేరు పెట్టెను. ఆయన పని చేసినది బట్టల మిల్లులకు! గాలి పొడిబారిన నూలుపోగు తెగును గదా. మన తాతలు గుంటమగ్గమున గూర్చుండి నేలతేమతో పడుగును కాపాడుకొన్నదియు ఈ యెరుకచేతనే. “తాత గుంటలో కనిపెట్టినదానినే నేను పటముపై లెక్కగట్టుచున్నాను” అని మా శిష్యుడు పలికినపుడు మా కన్నులు చెమర్చినవి.

అయినను ఒక వేదన మిగిలినది. మగ్గము కొరకు పెరిగిన ఈ విద్య అంగడిమేడలను చల్లబరచుచున్నది. మన మరమగ్గముల షెడ్లలో ననేకము వేసవి మధ్యాహ్నమున రేకులక్రింద కుంపటులగుచున్నవి. నూలుదుమ్ము నేతగాని రొమ్ములో చేరుచున్నది. గాలి వచ్చుదారి, పోవుదారి యెరిగి రంధ్రములుంచినను కొంత మేలగును.

కావున మా విన్నపములు మూడు. తల్లిదండ్రులు ఈ వృత్తిని చిన్నచూపు చూడకుందురు గాక. దాతలు గల్ఫు దేశములలో గొట్టములు బిగించి వచ్చిన మన యువకులకు పటములు గీయు విద్య నేర్పించుటకు విద్యార్థివేతనము లొసగుదురు గాక. ఇంజనీర్లయిన మన బిడ్డలు ఏటికొక్క షెడ్డునకైనను ఉచితముగా గాలిలెక్క కట్టి యిత్తురు గాక.

ఆ తండ్రితో మేము చెప్పినదియు నింతియే: నీ కుమారుడు కులవృత్తిని విడువలేదు, నాయనా, దాని కప్పు పైకెత్తుచున్నాడు.