గుండెలోని తీగ, కంప్యూటర్ లెక్క
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"విద్యుదయస్కాంత క్షేత్రాల గణనం" అనగానే వెనుక వరుసల వారు గడియారాలు చూసుకుంటున్నారు. భయపడకండి. రాడార్లు, ఉపగ్రహాల యాంటెన్నాలు, సెల్‌ఫోన్లు అన్నీ నేడు ఈ లెక్కల మీదనే తయారవుతున్నాయి గాని, వాటి జోలికి పోను. మన వయసు వారికి పనికివచ్చే ఒక్క విషయమే చెబుతాను. పేస్‌మేకర్ ఉన్నవారికి ఎమ్మారై తీయవచ్చునా?

చాలాకాలం డాక్టర్లు కూడదనే అనేవారు. అయస్కాంతం ఇనుమును లాగుతుందన్న భయం ఒక్కటే కాదు. 1.5 టెస్లా యంత్రం సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపుతుంది. గాలిలో ఆ తరంగం పొడవు నాలుగున్నర మీటర్ల పైచిలుకు. నీరు నిండిన శరీరంలో అది సుమారు అర మీటరుకు కుదించుకుపోతుంది. పేస్‌మేకర్ నుంచి గుండెకు పోయే తీగ పొడవూ ఇంచుమించు అంతే. అంటే ఆ తీగ మన ఒంట్లో ఏరియల్ అయి కూర్చుంటుంది! అది పట్టిన శక్తి, తీగ కొస గుండె కండను తాకేచోట వేడి పుట్టిస్తుంది.

ఎంత వేడి? బతికున్న మనిషిని పెట్టి చూడలేము గదా. లెక్క కట్టాలి. సూత్రాలను మాక్స్‌వెల్ 1865లోనే ఇచ్చాడు. గుండ్రని బంతికైతే కాగితం మీద సాధించవచ్చు. ఎముక, కొవ్వు, రక్తం కలగలిసిన మనిషికి కుదరదు. 1966లో కేన్ యీ అనే శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం చెప్పాడు. చోటునంతా చిన్న గడులుగా కోసి, విద్యుత్ క్షేత్రాన్ని, దానికి అరగడి ఎడంగా అయస్కాంత క్షేత్రాన్ని ఉంచి, ఒకదాని నుంచి మరొకదాన్ని అంచెలంచెలుగా లెక్కించుకుంటూ పోవడమే. కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలే తప్ప ఇందులో బ్రహ్మవిద్య లేదు. కాని ఎన్ని! మనిషి పట్టే పెట్టెను 2 మి.మీ. గడులుగా కోస్తే దాదాపు 4 కోట్లు. గడి అంచును సగం చేస్తే శ్రమ 16 రెట్లు. 1975లో టాఫ్లోవ్, బ్రాడ్విన్‌లు మైక్రోవేవ్‌ల వల్ల పుట్టే వేడిని లెక్కగట్టింది ఒక్క కంటికే. ఇప్పుడు, పిల్లల వీడియో ఆటల కోసం పుట్టిన గ్రాఫిక్స్ చిప్పులు వేల గడులను ఒకేసారి లెక్కిస్తున్నాయి.

స్విట్జర్లాండులోని ఐటీఐఎస్ ఫౌండేషన్ వారు ఇందుకోసం కంప్యూటర్ మనుషులను తయారుచేశారు. వారిలో 34 ఏళ్ల డ్యూక్, 26 ఏళ్ల ఎల్లా, పిల్లలు, 84 ఏళ్ల గ్లెన్ తాతగారు ఉన్నారు. మన తరఫు ప్రతినిధి అన్నమాట! ఇటువంటి దేహాలలో తీగను రకరకాల దారులలో పోనిచ్చి వేడి లెక్కిస్తారు. జెల్లీ నింపిన తొట్టెలో తీగను ఉంచి, కొలిచి, సరిచూస్తారు. లెక్కను లెక్కగానే నమ్మడం లేదు.

షరతులతో ఎమ్మారైకి పనికివచ్చే పేస్‌మేకర్‌ను అమెరికాలో మొదటిసారి 2011లో అనుమతించారు. షరతులన్న మాట గమనించండి. పెట్టె ఒక్కటే కాదు, తీగ కూడా ఆ రకానిదే కావాలి. స్కానుకు ముందు పేస్‌మేకర్‌ను అందుకు తగినట్లు మార్చి, తరువాత మామూలు స్థితికి తేవాలి. లోపల వదిలేసిన పాత తీగ ఏదైనా ఉంటే తప్పక చెప్పాలి. పాతరకం పేస్‌మేకర్ ఉన్నవారు ఆశ వదులుకోనక్కరలేదు, నిపుణుల పర్యవేక్షణలో కొందరికి చేస్తున్నారు. ఆ నిర్ణయం మాత్రం కార్డియాలజిస్టుదే.

పేస్‌మేకర్ అమర్చినప్పుడు ఇచ్చిన కార్డులో పెట్టె, తీగల మోడల్ నంబర్లు ఉంటాయి. దాన్ని పింఛను కాగితాలతో కలిపి ఉంచండి. ఎక్కడ పెట్టారో ఇంట్లోవారికి ఇవాళే చెప్పండి.