ఆ వృద్ధి రేటులో ఏముంది?



స్నాతకోత్సవ వేదిక మీద మీ భవిష్యత్తు గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం ఒక దేశం తన భవిష్యత్తును ఎలా ఖర్చు పెట్టేసుకుంటోందో చెబుతాను. ఆ దేశం రష్యా. 2022 ఫిబ్రవరి 24న అది ఉక్రెయిన్ మీదికి సైన్యాన్ని పంపింది. ఈ యుద్ధంలో మొట్టమొదటి బాధితులు ఉక్రెయిన్ ప్రజలు. ఆ దేశాన్ని తిరిగి నిలబెట్టడానికి పదేళ్లలో 52,400 కోట్ల డాలర్లు కావాలని 2025 ఫిబ్రవరిలో ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. పోయిన ప్రాణాలు ఆ లెక్కలో లేవు. దాడికి గురైన వాళ్ల కష్టాన్నీ, దాడి చేసిన దేశపు కష్టాన్నీ ఒకే తక్కెడలో తూచే ఉద్దేశం నాకు లేదు. కానీ యుద్ధం చేసినా దేశం బాగానే నడుస్తుందన్న మాట ఈ మధ్య చదువుకున్న వాళ్ల నోటి నుంచే వింటున్నాను. రుజువుగా వాళ్లు చూపించేది రష్యా వృద్ధి రేటు. అర్థశాస్త్రమో గణాంకమో వాణిజ్యమో చదివిన మీరు ఆ అంకెను విప్పి చూడాలి.

మొదట ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం. యుద్ధం మొదలైన కొద్ది రోజులకే పశ్చిమ దేశాలు రష్యా కేంద్ర బ్యాంకు నిల్వల్లో దాదాపు సగం, అంటే సుమారు 30,000 కోట్ల డాలర్లు స్తంభింపజేశాయి. పెద్ద బ్యాంకులు కొన్నింటిని, దేశాల మధ్య చెల్లింపులకు బ్యాంకులు వాడే స్విఫ్ట్ వ్యవస్థ నుంచి తొలగించాయి. వీసా, మాస్టర్‌కార్డ్ వెళ్లిపోయాయి. కేంద్ర బ్యాంకు ఒక్క దెబ్బకు వడ్డీ రేటును 9.5 నుంచి 20 శాతానికి పెంచింది. ఇక ఆ దేశం కుప్పకూలడం ఖాయమని చాలామంది రాశారు.

కూలలేదు. 2022లో ఉత్పత్తి కొద్దిగా తగ్గింది, అంతే. తరువాతి రెండేళ్లలో 4 శాతానికి అటూ ఇటూగా పెరిగింది. కేంద్ర బ్యాంకు అధిపతి ఎల్వీరా నబియుల్లినా డబ్బు దేశం దాటిపోకుండా కట్టడి చేశారు. ముడిచమురు తగ్గింపు ధరకు చైనాకూ మనకూ వచ్చింది. యుద్ధానికి ముందు మన చమురు దిగుమతుల్లో రష్యా వాటా 2 శాతం లోపే ఉండేది, తరువాత అది మూడో వంతు దాటింది. ఇక ప్రభుత్వం ఆయుధ కర్మాగారాల్లోకి డబ్బు కుమ్మరించింది. వృద్ధి రేటును పైకి లేపింది ప్రధానంగా ఆ డబ్బే.

ఒక ట్రాక్టర్ తయారైతే జీడీపీలో చేరుతుంది. ఒక ఫిరంగి గుండు తయారైనా చేరుతుంది. ట్రాక్టర్ పదిహేనేళ్లు పొలం దున్నుతుంది. గుండు పేలిన క్షణంలో దాని పనీ అయిపోతుంది, అది పడిన చోట ఇంకొకరి ఇల్లూ పోతుంది. లెక్కల పుస్తకంలో మాత్రం రెండూ ఉత్పత్తే. 2025 బడ్జెట్‌లో రష్యా రక్షణకు కేటాయించింది 13.5 లక్షల కోట్ల రూబుళ్లు. ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి మూడు రూబుళ్లలో దాదాపు ఒకటి. విత్తనాలకని దాచిన గింజలు వండుకు తింటే ఆ పూట కడుపు నిండుతుంది, గాదె ఖాళీ అయిన సంగతి తొలకరికి గాని తెలియదు.

లాడా గ్రాంటా అనే కారు ఉంది. అక్కడి మధ్యతరగతి కారు. రెనో కంపెనీ వెళ్లిపోయి, విడిభాగాల రాక ఆగిపోయాక 2022 వేసవిలో ఆ కారును ఎయిర్‌బ్యాగులు లేకుండా, ఏబీఎస్ బ్రేకులు లేకుండా తయారు చేశారు. ఫ్యాక్టరీ తెరుచుకుంది, కార్మికులకు పని దొరికింది, పత్రికలు శుభవార్తగా రాశాయి. ఉత్పత్తి లెక్కలో అదీ ఒక కారే. ఎదురుగా లారీ వచ్చి గుద్దితే ఆ కారులో ఉన్న మనిషికి ఏమవుతుందో చెప్పే గడి ఏ పట్టికలోనూ ఉండదు. ఆంక్షల ప్రభావం అంటే చాలామంది ఖాళీ దుకాణాలను ఊహించుకుంటారు. దుకాణాలు ఖాళీ కాలేదు. వస్తువు ఉంది, అందులో ఉండవలసింది కొంత లేదు. విమానాలకు విడిభాగాలు దొరక్క ఉన్న విమానాలనే విప్పి వాడుకోవలసి వచ్చింది. చిప్పులు దుబాయ్ మీదుగా, తుర్కియే మీదుగా, మధ్య ఆసియా మీదుగా చుట్టు తిరిగి ఎక్కువ ధరకు చేరాయి.

పాఠ్యపుస్తకంలో నిరుద్యోగం తగ్గడం మంచి వార్త. రష్యాలో అది 2.5 శాతం కన్నా కిందికి పోయింది. ఎందుకు? 2022 సెప్టెంబరులో 3 లక్షల మందిని సైన్యంలోకి పిలిచారు. లక్షలాది మంది దేశం వదిలి వెళ్లారు, వారిలో ప్రోగ్రామర్లు, వైద్యులు, పరిశోధకులు ఎక్కువ. మిగిలినవాళ్ల కోసం ఆయుధ కర్మాగారం, బేకరీ, బస్సు డిపో పోటీ పడ్డాయి. జీతాలు పెరిగాయి, వెంటే ధరలు పెరిగాయి. 2023 చివర్లో కోడిగుడ్ల ధర మీద పుతిన్ స్వయంగా ప్రజలకు క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది వెన్న వంతు. దొంగతనాల భయంతో కొన్ని దుకాణాల్లో వెన్న పొట్లాలను తాళం వేసిన ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి అమ్మారు. ఆ అక్టోబరులోనే కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 21 శాతానికి చేరింది. ఆ రేటుకు అప్పు తెచ్చి ఎవరు దుకాణం పెడతారు, ఎవరు ఇల్లు కట్టుకుంటారు?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పేద ప్రాంతాల ఆదాయాల లెక్క. తువా, బుర్యాతియా వంటి చోట్ల ఉద్యోగాలు తక్కువ, జీతాలు తక్కువ. యుద్ధానికి సంతకం చేస్తే 2024 ఆగస్టు నుంచి కేంద్ర ప్రభుత్వం 4 లక్షల రూబుళ్లు చేతిలో పెట్టింది. కొన్ని ప్రాంతీయ ప్రభుత్వాలు దాని మీద ఇంకా ఎన్నో రెట్లు ఇచ్చాయి. చనిపోతే కుటుంబానికి విడిగా పరిహారం. రష్యన్ ఆర్థికవేత్త వ్లాదిస్లావ్ ఇనోజెమ్‌త్సెవ్ ఒక లెక్క వేశారు. 35 ఏళ్ల మనిషి ఏడాది పోరాడి చనిపోతే, కుటుంబానికి అందే మొత్తం, కొన్ని ప్రాంతాల్లో అతను 60 ఏళ్లు వచ్చేదాకా పని చేసి సంపాదించే దానికన్నా ఎక్కువట. ఆ డబ్బు బ్యాంకులో పడితే డిపాజిట్లు పెరిగాయంటారు. దానితో ఇల్లు కొంటే గిరాకీ పెరిగిందంటారు. తండ్రి లేని ఇంట్లో ఆదాయం పెరిగిందని రాసుకునే లెక్కను నేను అభివృద్ధి అనలేను.

చనిపోయినవాళ్లెందరో ప్రభుత్వం చెప్పడం లేదు. మీడియాజోనా అనే వార్తాసంస్థ, బీబీసీ రష్యన్ విభాగం కలిసి సంతాప ప్రకటనలు, శ్మశానాల్లో కొత్త సమాధులు చూసి ఒక్కొక్క పేరే రాసుకుంటూ వచ్చాయి. 2025లో ఆ జాబితా లక్ష దాటింది. అవి ధ్రువపడిన పేర్లు మాత్రమే. మరోవైపు 2024లో ఆ దేశంలో పుట్టిన పిల్లలు సుమారు 12.2 లక్షలు, పాతికేళ్లలో అతి తక్కువ. తరువాత నెలవారీ జనన మరణాల వివరాలు ప్రచురించడమే మానేశారు. ఈ సభలో గణాంక శాస్త్రం చదివిన వాళ్లున్నారు కదా, పేర్లు రాసుకున్న ఆ పాత్రికేయుల పనిని మీ చదువుకు దగ్గరి పనిగా చూడండి.

మరి ఆంక్షలు పనిచేశాయా? ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక 1990 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి ఆంక్షలు విధించింది. అక్కడి పాలకుడు సద్దాం హుస్సేన్ 2003లో అమెరికా దాడి చేసేదాకా గద్దె దిగలేదు. ఆ పన్నెండేళ్లూ రేషను కార్డు మీద బతికింది జనం. రష్యాలోనూ ఆంక్షలు పాలకుడిని మార్చలేదు, యుద్ధాన్ని ఆపలేదు. కానీ యుద్ధం ఖరీదును పెంచాయి. యూరప్ మార్కెట్ చేజారిన గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ 2023లో భారీ నష్టం చూపించింది. మన బ్యాంకుల్లో తమవి వందల కోట్ల రూపాయలు పేరుకుపోయాయి, వాడుకోలేకపోతున్నామని 2023 మేలో గోవాలో ఆ దేశ విదేశాంగ మంత్రి లావ్రోవ్ చెప్పారు. పాలకులను కదిలించలేకపోయినా కొంత బరువు పెట్టగలిగే సాధనం ఆంక్ష, దానికి మించి దాని నుంచి ఆశించకూడదన్నది నా అభిప్రాయం.

ఆ బరువు ఎక్కడెక్కడికో జారుతుంది కూడా. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకట. అమెరికాకు వెళ్లే మన రొయ్యల్లో అత్యధిక భాగం ఆంధ్ర తీరానివే. భీమవరం చెరువు గట్టు మీద నిలబడ్డ రైతుకు ఉక్రెయిన్‌లోని దోనెత్స్క్ ఎక్కడుందో తెలియకపోవచ్చు, అక్కడి యుద్ధం అతని రొయ్యల ధరలోకి వచ్చింది. చౌక చమురు లాభం మన శుద్ధి కంపెనీలకు దక్కితే, శిక్ష భారం ఆ రైతు మీద పడటం న్యాయం కాదు.

రష్యాలో ఇప్పుడు బిల్లు చేతికొస్తోంది. మిగులు వనరులు చాలావరకు అయిపోయాయని నబియుల్లినాయే అన్నారు. దేశం మాంద్యం అంచున ఉన్నట్టుందని 2025 జూన్‌లో ఆర్థికాభివృద్ధి మంత్రి రెషెత్నికోవ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ సదస్సులో ఒప్పుకున్నారు. ఆ ఏడాది వృద్ధి సుమారు ఒక్క శాతానికి పడిపోయింది. 2026 జనవరి 1 నుంచి వ్యాట్‌ను 20 నుంచి 22 శాతానికి పెంచారు. యుద్ధం చేద్దామా అని ఎవరూ అడగని అవ్వ కూడా దుకాణంలో ఆ రెండు శాతం కడుతోంది.

ఇక మన ఇంటి మాట. సైన్యంలో సహాయకుల ఉద్యోగం, మంచి జీతం అని చెప్పి దళారులు మన దేశపు కుర్రాళ్లను రష్యా తీసుకెళ్లి యుద్ధరంగానికి తోశారు. వారిలో మన తెలంగాణ వాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు 2024 మార్చిలో మాస్కోలోని మన రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. ఆ కుర్రాళ్ల ముందు పెట్టినవి వాళ్లకు రాని భాషలో ఉన్న కాగితాలు.

మీలో చాలామంది మీ వీధిలో, మీ ఊళ్లో పెద్ద చదువు చదివిన మొదటి మనిషి. రేపు ఏ తమ్ముడో విదేశీ ఉద్యోగం కాగితం పట్టుకుని మీ దగ్గరికి వస్తే, తీరిక లేదని పంపేయకండి. కూర్చోబెట్టి ప్రతి పంక్తీ చదివి చెప్పండి. పిలిచేది ఏ దేశం, పంపేది ఏ ఏజెంటు, విదేశాంగ శాఖ దగ్గర ఆ ఏజెంటుకు నమోదు ఉందా, అసలు పని ఏమిటి, ఇవన్నీ అడగండి. తేలేదాకా అతన్ని సంతకం చేయనివ్వకండి.