ఓళిగ అన్న మాట



తైత్తిరీయోపనిషత్తులో మొదటిది శిక్షావల్లి. అది వర్ణము, స్వరము, మాత్ర మొదలైన ఉచ్చారణ నియమములను చెప్పును. చివరిదైన భృగువల్లిలో భృగువు తపస్సు చేసి, మొట్టమొదట అన్నమే బ్రహ్మమని తెలిసికొనును. అన్నమును నిందింపరాదని, ఇంటికి వచ్చినవారిని కాదనరాదని వ్రతములు విధింపబడినవి కూడ అచ్చటనే. నోటి నుండి వెలువడు మాట, నోటికి అందు ముద్ద ఒకే ఉపనిషత్తులో చోటు చేసికొన్నవి. పాఠశాలలో వల్లెవేయునాడు మేము భోజనపు పిలుపు కొరకే చెవులు రిక్కించెడివారము గాని, ఈ పొందిక మాకు తరువాత చాల ఏండ్లకు తోచినది.

ఈ సంగతిని మన కౌతాళము సీమలో చూడవలెను. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీ వరకు బళ్ళారి జిల్లాలోనిది. ఆనాడు ఆంధ్ర రాష్ట్రమేర్పడగా ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఇటు వచ్చినవి. బళ్ళారి మైసూరులో చేరినది. గీత గీచినవారు పటమును చూచినారు గాని పొయ్యిని చూడలేదు. గీతకు ఇరువైపులను ఉగాదినాడు పెనము మీద కాలునది ఒకటే.

దాని పేరు చూడుడు. సంస్కృతమున పర్వమనునది తెలుగులో పబ్బమైనది, కన్నడమున హబ్బ అయినది. కన్నడమున మాట మొదటనున్న పకారము కాలక్రమమున హకారముగా మారినది. మన పాలు వారికి హాలు, మన పువ్వు వారికి హూవు, మన పున్నమి వారికి హుణ్ణిమె. పోళిగె ఈ రీతిగనే హోళిగె అయినది. అది మన ఊళ్ళకు వచ్చి హకారమును కూడ జారవిడిచి ఓళిగ అయి కూర్చున్నది. తెలంగాణములో నేటికిని పోలె అందురు. వారు పకారమును వదలలేదు. మహారాష్ట్రులకు అది పోళీ. కల్యాణి చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్దిలో సంస్కృతమున రచించిన మానసోల్లాసములోని అన్నభోగ ప్రకరణములో పోలిక అను వంటకము కలదు. భక్ష్యమనునది శుద్ధ సంస్కృతము, బొబ్బట్టు తీరాంధ్రుల మాట. శనగపప్పు, బెల్లము, గోధుమపిండి చాలును. ఇన్ని దేశముల వ్యాకరణము ఒక విస్తరిలో వడ్డింపబడుచున్నది.

పండుగ దినములును అట్టివే. జ్యేష్ఠ పూర్ణిమను తెలుగు రైతు ఏరువాక పున్నమి అనును, కన్నడ రైతు కారహుణ్ణిమె అనును. ఒకడు నాగలిని తలచెను, ఒకడు వానకారును తలచెను. ఎద్దులకు కొమ్ములు రంగరించుటలో మాత్రము భేదము లేదు. కోస్తావారు కార్తికమున నాగుల చవితి చేయగా, కన్నడ దేశమున శ్రావణ శుద్ధ పంచమి నాగర పంచమి. సంక్రాంతినాడు కన్నడిగులు నువ్వులు, బెల్లము చేతిలో పెట్టి మంచి మాట పలుకుమని కోరుదురు; తినుబండారమిచ్చి మాటను అడుగుట మాకు మిక్కిలి ప్రియమైన ఆచారము. పీర్ల పండుగనాటి మలీద పారసీక పదము, నలిపినది అని అర్థము. రొట్టెను బెల్లముతో నలిపి చేసిన ఆ ముద్ద రుచి ఎరుగని హిందువు ఈ పల్లెలలో అరుదు. ప్రొద్దుటి ఉగ్గాని సంగతి చెప్పనక్కరలేదు. కన్నడమున ఒగ్గరణె అనగా తిరగమోత, బొరుగుల మీద పడి మనదైనది.

ఇక మాకు నొప్పి కలిగించు విషయము. పట్టణములో చదువుకొను పిల్లలు సెలవులకు వచ్చి, నాయనమ్మ ఓళిగ అనగానే నవ్వుచున్నారు. అది మోటు మాటయట, బొబ్బట్టు అనవలెనట. ఆమెయు సిగ్గుపడి మాట మార్చుకొనుచున్నది. బొబ్బట్టు తప్పు గాదు. తప్పు నవ్వులోనున్నది. అన్నమును నిందింపరాదన్న వ్రతము దాని పేరునకును వర్తించునని మా అభిప్రాయము. ఇంటిలో కన్నడము, బడిలో తెలుగు గల పిల్లలకు ఈ నవ్వు మరింత గుచ్చుకొనును; వారు మాట్లాడుటయే మానుదురు.

మిరప కోతలకు గుంటూరు సీమకు వలసపోయిన మన కుటుంబములను గూర్చి కూడ ఆలోచింపుడు. బిడ్డలు నెలల తరబడి పరాయి యాస నడుమ గుడిసెలలో ఉందురు. ఉగాదికి ఊరు చేరినప్పుడు అవ్వ పెట్టు ఓళిగతోనే ఊరి మాట వారి నోటికి మరల వచ్చును. ఆ మాటను ఎగతాళి చేసినచో వారు తిరిగి వచ్చినది ఎచ్చటికి?

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్నస్వామి సన్నిధికి కర్ణాటకము నుండి వేలాదిగా భక్తులు వచ్చెదరు. అమ్మలారా, ఈసారి మీ మనుమలను వెంట తీసికొని పొండు. ప్రక్కనే కూర్చున్న సింధనూరు అవ్వ చేతిలోని నైవేద్యమును చూపి, "అవ్వా, దీనిని మీ ఇంట ఏమందురు?" అని పిల్లవానినే అడుగనిండు. ఆమె చెప్పిన పేరును వాడు రెండుమార్లు పలుకవలెను. ఆ తరువాతనే తినవలెను.