తుపాను వేళ వికలాంగ బాలలు

తుపాను హెచ్చరికలను మైక్రోఫోను ముందు చదువునపుడెల్ల మాకొక సంకోచము కలుగుచుండును. వినికిడి లేని బాలునికి ఈ మాట ఎట్లు చేరును? ఇంటిలో రేడియో మ్రోగుచునే యుండును. వాడు తల్లి ముఖము చూచి, ఏదో కీడు రానున్నదని మాత్రము గ్రహించును. అంతకు మించి వానికెవరును చెప్పరు.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు వేలకొలది జనులు మరణించిరి. పరుగెత్తగలవారికే ప్రాణము దక్కుట దుర్లభమైన ఆనాడు, కాలు కదపలేని పిల్లల గతి ఊహింపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము విపత్తులందు వారికి సమాన రక్షణ ఉండవలెనని నిర్దేశించినది. సంతోషమే. కాని తొలి గడియలో ఆదుకొనవలసినది ఇల్లును, బడియును.

"మేము ఎత్తుకొని పోవుదుము గదా, వారికి శిక్షణ యెందులకు?" అని పెద్దలందురు. ఎత్తుకొనువారు ఇంట లేనిచో?

చూపు లేని బాలికను తుపాను ఆశ్రయము వరకు అడుగులు లెక్కింపజేయుచు పదిమార్లు నడిపింపవలెను, అందొకమారు వానలో. గాలి హోరులో ఆమెకు నిత్యము దారి తెలుపు చప్పుళ్లన్నియు అణగిపోవును. అప్పుడు గోడయు, కట్టిన త్రాడును, తోడివారి మోచేయియు ఆధారము. ఆమె చేయి పట్టి లాగరాదు. మన మోచేతిని ఆమెనే పట్టుకొననీయవలెను. ప్రథమ చికిత్సయు ఆమెకు అసాధ్యము కాదు. నెత్తురు కారుచోటు వ్రేళ్లకు వెచ్చగా, తడిగా తగులును. శుభ్రమైన గుడ్డతో అచ్చట అదిమి పట్టుటకు కన్నులక్కరలేదు. కాలినచోట 20 నిమిషములు చల్లని నీరు పోయుటయు అంతే. సిరా పూయుట మాత్రము మానవలెను.

వినికిడి లేని పిల్లలకు టార్చిదీపము మూడుమార్లు వెలిగించి ఆర్పిన, "బయలుదేరుము" అని అర్థముగా ముందే ఏర్పరచుకొనవచ్చును.

బుద్ధి వికాసము మందగించిన పిల్లల యెడ ఓర్పు మిక్కిలి కావలెను. అదే మాట, అదే వరుస, అదే సంచి. తుపాను కన్ను దాటునపుడు గాలి హఠాత్తుగా నిలిచి, పిదప ఎదురు దిక్కునుండి విజృంభించును. ఆ నిశ్శబ్దమునకు మోసపోయి వెలుపలికి పోరాదని వారికి ఆటగా నేర్పవలెను. ఈ పొరపాటు పెద్దలును చేయుదురు.

చక్రాల కుర్చీ బాలునికి, తన్నెట్లు ఎత్తవలెనో ఎత్తువారికి స్పష్టముగా చెప్పుట నేర్పుడు. ఆ నిమిషమున ఆజ్ఞ వానిదే.

అక్టోబరు, నవంబరు నెలలు రాకమునుపే ఒక సాయంకాలము రేడియో కట్టివేసి, దీపములార్పి, మీ యింట ఒకమారు ఈ ప్రయత్నము చేసి చూడుడు. మా కార్యక్రమము ఆ పూట వినకున్నను మాకు చింత లేదు.