పురపాలక సభ్యుని యధికారము



మన గ్రామములనుండి పట్టణములు చేరిన బిడ్డలు వీథిదీపము వెలుగకున్నను, మురుగుకాలువ పొంగినను వార్డు సభ్యుని యింటికే పోవుదురు. ఆతడేమి చేయగలడో, ఏమి చేయరాదో యెరిగినవారరుదు.

నేను కాపురముండు పట్టణమున నా పూర్వశిష్యుడొకడు కౌన్సిలరుగా ఎన్నికయ్యెను. మా వీథికాలువ సంగతి చెప్పితిని. గురుభక్తిచే నాతడు తక్షణమే పారిశుద్ధ్యపు పనివారిని రప్పించెను. సంతోషించితిని. ఆ దినమున వారు పోవలసిన పేదలవాడ మురుగులోనే యుండెనని పిమ్మట దెలిసినది. తప్పు వానిదెంతో నాదియు నంతే.

సభ్యుడొంటరిగా ఉద్యోగుల నాజ్ఞాపించుటకు ప్రభువు కాడు. సభ తీర్మానించిన దానిని నడపువాడు కమీషనరు. సభ్యుని బలమంతయు సభలోనే కలదు: ఆదాయవ్యయముల పట్టికను శోధించుట, నిలదీసి ప్రశ్నించుట, సమ్మతి నిచ్చుట, నిరాకరించుట. సంఘముతో గుత్తపనులు కుదుర్చుకొనినవాడు సభ్యుడుగా నుండ ననర్హుడని ఆంధ్రప్రదేశ పురపాలక చట్టము (1965) చెప్పుచున్నది.

1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలనకు 18 విషయములను పేర్కొన్నది. మంచినీరు, పారిశుద్ధ్యము, వీథిదీపములు, శ్మశానములు, మనమెరిగిన బందెలదొడ్డియు నందున్నవి. కాని వీని నెంతవరకు అప్పగింపవలెనో రాష్ట్ర శాసనసభ యిష్టమునకే విడిచిరి. బండి నిచ్చి పగ్గములు తమచేత నుంచుకొనిన చందమిది, నాకిది రుచింపదు.

నా శిష్యుడు మరుసటి సమావేశమున రెండు తావుల కాలువలను గూర్చియు ప్రశ్న వేసెను. ముందు పేదలవాడ శుభ్రమయ్యెను. మా వీథికి వరుస వచ్చుటకు మరి పదునెనిమిది దినములు పట్టినది.